జీపు వెనక పినియన్ సీల్: ఒక లీకేజీ, రెండు రిపేర్లు, ఆరు వారాలు

ఆగస్టు 10, ఆదివారం పొద్దున జీపు కింద పరిచిన అట్ట మీద నాలుగు చుక్కలు కనిపించాయి. బండి తొంభైల నాటి మహీంద్రా ఎంఎం 540. నర్సీపట్నంలో ఉంటుంది, వారానికి రెండుసార్లు చింతపల్లి వైపు ఘాట్ ఎక్కుతుంది. ఇంత పాత జీపు కింద చుక్క పడటం వింత కాదు. కానీ ఇవి ఇంజన్ కిందో గేర్‌బాక్స్ కిందో పడలేదు, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల డబ్బా) ముక్కు కింద పడ్డాయి. వేలితో తీసి వాసన చూస్తే గంధకం కంపు, అంటే గేర్ ఆయిలే.

ఆ డబ్బాలోకి తిప్పుడు తెచ్చే చిన్న పళ్ల ఇరుసు పినియన్, అది బయటికొచ్చే చోట ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు పినియన్ సీల్. ఆ సీల్ నుంచి కారేది కింద పడే చుక్కల్లో కొంచెమే తెలుస్తుంది. మిగతాదంతా తిరుగుతున్న యోకు (పినియన్ కొసకు నట్టుతో బిగించే ఇనప ముక్క) పైకి చిమ్మేస్తుంది. బండి కింద పడుకుని పైకి చూస్తే ఫ్లోర్ రేకు అడుగున యోకుకు సరిగ్గా ఎదురుగా, అడ్డంగా ఒక నల్లటి చార కనిపించింది. దుమ్ము అంటుకుని జిడ్డుగా జానెడు పొడవుంది. ఈ చార ఉంటే కారేది వెనక కవర్ గాస్కెట్టో, ముందునుంచి గాలికి వచ్చిన ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిలో కాదని దాదాపు తేలిపోతుంది. అయినా ఖాయం చేసుకుందామని ముక్కు భాగమంతా కిరోసిన్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి, ఇరవై కిలోమీటర్లు తిప్పి చూశాను. తెల్లటి పౌడర్ మీద సీల్ చుట్టూ కింది సగంలో చంద్రవంకలా తడి తేలింది. యోకు మధ్యలో నట్టు దగ్గర కూడా ఒక చిన్న తడి చుక్క ఉంది. దాన్ని ఆ రోజు పట్టించుకోలేదు. అది తప్పని తర్వాత తెలిసింది.

ఆగస్టు 13న ఒక గ్యారేజీకి ఇచ్చాను. రెండున్నర గంటల పని. సీల్‌కు 190, ఆయిల్‌కు 460, కూలీ 900, మొత్తం రూ. 1,550. యోకును తిప్పే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పారు, ఇంపాక్ట్ గన్‌తో (దెబ్బలతో నట్టు తిప్పే యంత్రం) నట్టు తీశారు, ఉలితో పాత సీల్ లేపి కొత్తది సుత్తితో కొట్టారు, మళ్లీ అదే గన్‌తో నట్టు బిగించారు. పక్కనే ఉన్నాను. గన్ మోత ఆగినప్పుడు ఎంత బిగిసిందో చెప్పగలిగే సాధనమేదీ అక్కడ లేదు. ఆ సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నా అప్పటికి ఊరుకున్నాను.

వినాయక చవితి సెలవులకు ఘాట్ రెండుసార్లు ఎక్కి, వాగులు దాటి వచ్చాం. ఆగస్టు 31న అట్ట మీద ఈసారి ఏడు చుక్కలు. కొత్త సీల్ పద్దెనిమిది రోజులు కూడా ఆగలేదు. డబ్బు కంటే భయం ఎక్కువైంది. పినియన్ నట్టు అతిగా బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే పినియన్ ముందుకూ వెనక్కూ ఊగి క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం) పళ్లు తింటుంది. సీల్ ఖరీదు రెండు వందలు. క్రౌన్ పినియన్ సెట్టు పోతే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది, ఈ పాత బండికి మంచి సెట్టు దొరకడం అంతకంటే కష్టం. ఇక మళ్లీ సీల్ మాత్రమే మార్చడం కాకుండా అసలు ఎందుకు కారుతోందో చూడాలని నిర్ణయించుకున్నాను.

సెప్టెంబర్ 6, శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను, తోడుగా మా బావమరిది. అంతకుముందు గంటన్నర ఘాట్‌లో నడిచిన బండి, డిఫరెన్షియల్ ఇంకా వెచ్చగానే ఉంది. ఏ డిఫరెన్షియల్ పనికైనా ముందు ఆయిల్ పోసే పై ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోవాలి. కింద ఆయిల్ వదిలేశాక పై ప్లగ్గు పట్టేసి ఉంటే బండి అక్కడే ఆగిపోతుంది. ఆ ప్లగ్గు రెండు చుట్లు తిప్పానో లేదో బుస్సుమని గాలి బయటికి తన్నింది, దాంతోపాటు ఆయిల్ నురగ. లీకేజీకి కారణం అక్కడే దొరికింది. లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయింది.

యాక్సిల్ ట్యూబు మీద చిన్న ఇనప టోపీలా ఉండే బ్రీదర్‌ను విప్పితే లోపల ఎర్రమట్టి ఇటుకలా గట్టిపడి ఉంది. దారం పట్టే సందు కూడా లేదు. యాక్సిల్ వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. పోయే దారి లేకపోతే అది ఆయిల్‌ను సీల్ పెదవి (యోకుకు ఆనే రబ్బరు అంచు) కిందనుంచి బయటికి నెడుతుంది. అదే వేడి యాక్సిల్ వాగులో దిగిందంటే గాలి చప్పున కుంచించుకుపోయి, ఆ పెదవి కిందనుంచే నీళ్లు లోపలికి పీలుస్తుంది. వెనక కవర్ పది బోల్టులూ విప్పి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. నీళ్లు చేరాయి. క్రౌన్ పళ్ల మీద తుప్పు ఇంకా లేదు, కవర్ అడుగున సన్నటి బూడిద రంగు పేస్టు మాత్రం ఉంది. చిప్స్ ఏమైనా ఉన్నాయా అని వేళ్ల మధ్య రుద్ది చూశాను, మెత్తగానే ఉంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు ప్రాణం మీదికి రాకుండా చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. చాలా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక డ్రమ్ము మీద ఉంటుంది. వెనక షాఫ్ట్ ఊడిన మరుక్షణం హ్యాండ్ బ్రేక్‌కూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది, గేర్‌లో పెట్టినా వెనక చక్రాలు ఆగవు. నేను సిమెంటు నేల మీద పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించి, వెనక యాక్సిల్‌ను స్టాండ్ల మీద నిలబెట్టాకే షాఫ్ట్ ముట్టుకున్నాను. జాకీని మాత్రమే నమ్ముకుని కిందికి దూరకండి.

షాఫ్ట్‌కూ యోకుకూ ఒకే గీతలో పెయింటుతో గుర్తు పెట్టి యూ బోల్టులు తీశాను. షాఫ్ట్‌నూ యోకునూ కలిపే క్రాస్ ఊడగానే దాని రెండు కప్పులకూ టేపు చుట్టేశాను. చుట్టకపోతే ఒక కప్పు జారిపడుతుంది, లోపలి నీడిల్స్ (సూదుల్లాంటి బేరింగు కడ్డీలు) నేల మీద చెల్లాచెదురవుతాయి. ఒక్క నీడిల్ తగ్గినా ఆ క్రాస్ మార్చాల్సిందే.

తర్వాత యోకును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, లోపలికీ బయటికీ గట్టిగా ఊపి చూశాను. కదలిక లేదు. కదిలితే పినియన్ బేరింగు పోయినట్టే, అప్పుడు ఎంత మంచి సీల్ వేసినా నెల తిరక్కుండానే కారుతుంది. ఆ పైన తిప్పుడు బరువు కొలిచాను. రెండు చక్రాలూ గాల్లో ఉంచి, బ్రేకులు ఎక్కడా రాసుకోకుండా వదులు చేసి, యోకు డస్ట్ కవర్ చుట్టూ నైలాన్ తాడు మూడు చుట్లు చుట్టి, చివరికి బ్యాగులు తూచే చేతి కాటా తగిలించి నెమ్మదిగా లాగాను. మొదట కదలడానికి పట్టే బరువు లెక్కలోకి రాదు, ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు కాటా చూపేదే లెక్క. అది ఐదున్నర కిలోలు. కవర్ వ్యాసార్థం 4 సెంటీమీటర్లు కాబట్టి తిప్పుడు బలం 22 కిలో-సెంటీమీటర్లు (కిలోలను సెంటీమీటర్లతో గుణిస్తే వచ్చేది). పాత బేరింగులకు అది బాగానే ఉన్నట్టు. గన్‌తో బిగించినా బేరింగులు నలగలేదని ఆ అంకె చూశాకే నమ్మకం కుదిరింది. రెండు నిమిషాల పని ఇది. నట్టు విప్పేశాక ఇక కొలవలేం కాబట్టి తప్పకుండా ముందే కొలవాలి.

నట్టుకు 1-1/8 అంగుళాల సాకెట్ కావాలి. 29 మి.మీ. సాకెట్ పడుతుంది గానీ కాస్త వదులు, మూలలు తినేస్తుంది. యోకు తిరగకుండా పట్టడానికి నాలుగడుగుల ఇనప పట్టీకి రెండు రంధ్రాలు వేయించి యూ బోల్టుల రంధ్రాలకే బిగించాను, అవతలి కొస నేలకు ఆనింది. లేత్ దగ్గర దీనికి రూ. 250 అయింది. నట్టు తీసే ముందు నట్టుకూ పినియన్ కొసకూ పంచ్‌తో చుక్కలు కొట్టాను, బయట కనిపిస్తున్న మరలు లెక్కపెట్టి రాసుకున్నాను. నట్టు తిరక్కుండా అడ్డంగా వేసే స్ప్లిట్ పిన్ గ్యారేజీలో పాతదే తిరిగి వాడారు, ఒక కాలు అప్పటికే విరిగి ఉంది.

“బావా, కదిలింది!” అని మా బావమరిది అరిచేసరికి సాయంత్రం ఆరు దాటింది. యోకును పుల్లర్‌తోనే తీయాలి. వెనకనుంచి సుత్తితో కొడితే ఆ దెబ్బ బేరింగుకు తగులుతుంది.

బయటికొచ్చిన యోకును గుడ్డతో తుడిచి, సీల్ ఆనే చోట గోరు పెట్టి అడ్డంగా లాగాను. గోరు ఆగిపోయింది. చుట్టూతా గాడి పడి ఉంది, వెర్నియర్‌లో దాదాపు 0.3 మి.మీ. లోతు. ముప్పై ఏళ్లు ఒకే చోట రబ్బరు పెదవి, దానికి అంటుకున్న దుమ్ము కలిసి ఉక్కును అరగదీశాయి. కొత్త సీల్ పెదవి సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంది. అంచులకు రాసుకుని పద్దెనిమిది రోజుల్లోనే నల్లటి పొడి రాలింది. కారణాలు మూడు: మూసుకున్న బ్రీదర్, గాడి పడిన యోకు, యోకు లోపలి పళ్ల సందునుంచి నట్టు దగ్గరికి వస్తున్న ఆయిల్. ఆ రోజు వదిలేసిన చిన్న తడి చుక్క ఈ మూడోదే. గ్యారేజీలో మారింది సీల్ ఒక్కటే, ఈ మూడింట్లో ఒక్కటీ బాగు కాలేదు.

సెప్టెంబర్ 8న యోకు సంచిలో వేసుకుని విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌కు బస్సులో వెళ్లాను. నాలుగు కొట్లు తిరిగినా కొత్త యోకు దొరకలేదు. పాత సామాన్ల దగ్గర రెండు ఉన్నాయి, రెంటికీ నాదానికంటే లోతు గాడులు. లేత్ ఆయన చూసి, “తీసేస్తే ఈ గాడి పోతాది గానీ బాబూ, సైజు తగ్గిపోతాది, మరి సీలు వదులైపోదా?” అన్నాడు. నిజమే. సన్నగా తీస్తే ఆ సైజుకు వేరే సీల్ వెతకాలి, పైగా లేత్ పని స్క్రూ మర లాంటి సన్న గీతలు వదిలితే ఆ గీతలే ఆయిల్‌ను బయటికి మోస్తాయి. ఎమరీ కాగితంతో రుద్దడం గోరుకు తగలనంత గాడికే పనికొస్తుంది. సీల్‌ను రెండు మి.మీ. ముందుకు కూర్చోబెట్టి పెదవిని కొత్త చోట ఆనించే పద్ధతి కూడా ఉంది, దానికి హౌసింగ్‌లో (డిఫరెన్షియల్ గుల్లలో) చోటుండాలి. మా దాంట్లో అంచు మీద అంచు ఆనుతుంది, చోటు లేదు.

మిగిలింది స్పీడీ స్లీవ్. పావు మిల్లీమీటరు కంటే కాస్త మందమున్న స్టెయిన్‌లెస్ తొడుగు, యోకు మెడ మీదికి బిగుతుగా ఎక్కించేది. అంత పల్చన కాబట్టి పాత సైజు సీలే సరిపోతుంది. గాడి లేని చోట మెడ వ్యాసం మూడు వైపుల కొలిచి, ఆ సైజుకు బేరింగుల కొట్లో ఆర్డరిచ్చాను. రూ. 2,150. సీల్ మాత్రం అప్పుడే తీసుకున్నాను, రెండు పెదవులున్నది, రూ. 320. సీల్ కొనేటప్పుడు బండి పేరు చెప్పి ఊరుకోవద్దు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అనే మూడు అంకెలు పాత సీల్ మీద అచ్చుపోసి ఉంటాయి, అవి కలవాలి.

మూడు రోజులన్న స్లీవ్ తొమ్మిది రోజులకు, సెప్టెంబర్ 17న వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ హౌసింగ్ ముక్కుకు పాలిథీన్ సంచి చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. తోటకు బైకు మీదే. వానలో ఘాట్ ఎక్కుతుంటే జీపు విలువ తెలిసొచ్చింది.

సెప్టెంబర్ 20, శనివారం బిగింపు. యోకు మెడను పెట్రోలుతో జిడ్డు లేకుండా తుడిచి, గాడిలో మెటల్ ఎపాక్సీ నింపి చదును చేసి, అది గట్టిపడకముందే స్లీవ్‌ను దానితో వచ్చిన కప్పు పెట్టి నిదానంగా కొట్టి ఎక్కించాను. వంకరగా ఎక్కితే ముడత పడుతుంది, ఇక అది పనికిరాదు. అన్ని పనుల్లోకీ నాకు చేతులు వణికింది ఇక్కడే.

పాత సీల్ రేకుకు ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు వేసి, స్క్రూలు ఎక్కించి, కటింగ్ ప్లేయర్‌తో లాగితే వచ్చేసింది. డ్రిల్ ముక్కుకు గ్రీజు దట్టంగా పూస్తే ఇనప రజను లోపలికి పడదు. లోపల కనిపించే పల్చటి బిళ్ల ఆయిల్ స్లింగర్, దాని వెనక బయటి బేరింగు, ఆ వెనక షిమ్ములు అనే సన్నటి రేకు బిళ్లలు. ఈ డానా 44 తరహా యాక్సిల్‌లో బేరింగు బిగువును ఆ షిమ్ములే నిర్ణయిస్తాయి. బేరింగును బయటికి లాగొద్దు, లాగాల్సి వస్తే ఒక్క షిమ్ము కూడా పోకూడదు, వరస మారకూడదు. గ్యారేజీ ఉలి హౌసింగ్ బోరు అంచులో ఒక గంటు పెట్టింది. దాన్ని సన్న ఎమరీతో నునుపు చేసి, సీల్ బయటి అంచుకు సిలికాన్ పేస్టు వెంట్రుకంత పూత పూశాను.

కొత్త సీల్‌కు స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, ఆయిల్ వైపు ఉండాలి. ఆ స్ప్రింగు గాడిలోనూ రెండు పెదవుల మధ్యా గ్రీజు నింపాలి. సుత్తి దెబ్బకు స్ప్రింగు ఎగిరి లోపల పడిపోవడం చాలా మామూలు, గ్రీజు దాన్ని పట్టి ఉంచుతుంది. చదునైన చెక్క అడ్డం పెట్టి పైన, కింద, ఎడమ, కుడి అని వరసగా చిన్న దెబ్బలతో దింపాను. బోరు అంచుతో సమానంగా కూర్చోగానే చప్పుడు బొయ్యిమనడం మాని ఖంగుమంది.

యోకు లోపలి పళ్లకూ నట్టు కింద వాషర్‌కూ సిలికాన్ పూసి యోకు ఎక్కించాను, లోపలికి సుత్తితో కొట్టకుండా నట్టుతోనే లాగాను. ఈ యాక్సిల్ పినియన్ నట్టుకు 200 నుంచి 220 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 27.5 నుంచి 30.5 కిలో-మీటర్లు (దూరం కాదు, కిలోలను మీటర్లతో గుణిస్తే వచ్చే తిప్పుడు బలం). మా ఊళ్లో దొరికిన టార్క్ రెంచి (ఎంత బిగిసిందో చూపే రెంచి) 210 న్యూటన్-మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, అది 21 కిలో-మీటర్లకు కొంచెం పైన, చాలదు. అందుకని రాడ్డుకు పైపు తొడిగి, నట్టు మధ్యనుంచి సరిగ్గా మీటరు దూరంలో గుర్తు పెట్టి, అక్కడ అదే చేతి కాటా తగిలించి పైపుకు లంబంగా లాగాం. కాటా 28 కిలోలు చూపితే 28 కిలో-మీటర్లు బిగిసినట్టు. స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరలేదు. కుదరకపోతే నట్టు వెనక్కి తిప్పకూడదు, బిగించే వైపే పోవాలి. 30 దగ్గర కుదిరింది. కొత్త పిన్ వేశాను.

తాడు చుట్టి మళ్లీ లాగితే ఆరు కిలోలు, 24 కిలో-సెంటీమీటర్లు. ముందుకంటే అరకిలో ఎక్కువ, కొత్త సీల్ పట్టు అంతే ఉంటుంది. ఆ అంకె చూసి ఇద్దరం అలాగే నేల మీద కాసేపు కూర్చుండిపోయాం.

ఇక్కడ కొత్త తరం బండ్ల వాళ్లకు ఒక మాట చెప్పాలి. చాలా వాటిలో షిమ్ములకు బదులు, నట్టు బిగించేకొద్దీ నలిగే స్పేసర్ (గొట్టం ముక్క) ఉంటుంది. అక్కడ నా అంకెలు వాడొద్దు. విప్పే ముందు తిప్పుడు బరువు తప్పనిసరిగా కొలిచి, కొత్త నట్టు వేసి, కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ కొలుస్తూ పాత అంకె మీద కాస్త ఎక్కువ దగ్గర ఆపాలి. దాటిపోతే నట్టు వదులు చేసి లాభం లేదు. నలిగిన స్పేసర్ మళ్లీ సాగదు, కొత్తది వేయాల్సిందే. అలాంటి బండికి ఇంపాక్ట్ గన్‌తో నట్టు బిగించనివ్వకండి.

బ్రీదర్ పని గంటలో అయిపోయింది. టోపీ తీసేసి ఆ చోట పైపు ముక్కు బిగించి, 8 మి.మీ. డీజిల్ హోస్ రెండు మీటర్లు బాడీ వెనక మూల దాకా, టెయిల్ ల్యాంపు ఎత్తుకు తీసుకెళ్లాను. చివర చిన్న ఫ్యూయల్ ఫిల్టర్. సస్పెన్షన్ పూర్తిగా వేలాడినా హోస్ లాగకుండా కాస్త వదులు ఉంచాలి. మొత్తం రూ. 340.

కవర్ గాస్కెట్ కొత్తది వేసి, రాత్రంతా సిలికాన్ ఆరనిచ్చి, ఆదివారం పొద్దున ఈపీ 90, జీఎల్-5 రకం ఆయిల్ పోశాను. ఒకటింపావు లీటరు పట్టింది. పోసే రంధ్రం అంచు దాకా రాగానే ఆపాలి, ఎక్కువైనా సీల్ దగ్గరే బయటికొస్తుంది. లోపల మిగిలిన నీటి తడి కోసం ఈ ఆయిల్‌ను 300 కిలోమీటర్లకే మార్చాలని ముందే అనుకుని రెండో విడతకూ కలిపి కొన్నాను, రూ. 920. యూ బోల్టులు గుర్తుల ప్రకారం బిగించి, ఇరవై కిలోమీటర్లు తిప్పి దిగి డిఫరెన్షియల్ ముక్కు మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, చెయ్యి ఆనించి ఉంచగలిగాను. బేరింగు మరీ బిగువైతే అక్కడ చెయ్యి పెట్టలేం. 40 నుంచి 60 వేగంలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ చెవి పెట్టి విన్నాను. కొత్త ఊళ లేదు.

రెండో విడత ఖర్చు: సీల్ 320, స్లీవ్ 2,150, పట్టీ 250, బ్రీదర్ సామాను 340, ఆయిల్ 920, గాస్కెట్, సిలికాన్, ఎపాక్సీ, పిన్ కలిపి 410, బస్సు చార్జీలు 300. మొత్తం రూ. 4,690. చేతి పని రెండు రోజులకు కలిపి తొమ్మిది గంటలు.

దసరాకు ముందు ఆయిల్ మార్చాను. ఈసారి తేనె రంగులోనే వచ్చింది, పాల చాయ లేదు. అక్టోబర్ 2న దసరా పూజకు నిమ్మకాయ తొక్కించి బండి ఘాట్ ఎక్కించాం. అక్టోబర్ 26 నాటికి 1,100 కిలోమీటర్లు, వాగులు ఎనిమిదిసార్లు. ముక్కు మీద మళ్లీ పౌడర్ చల్లి తిప్పి చూస్తే తెల్లగానే ఉంది, నట్టు దగ్గర కూడా పొడిగానే ఉంది. ఫ్లోర్ రేకు కింద చార తుడిచేశాను, తిరిగి రాలేదు. ముందు యాక్సిల్ బ్రీదర్ విప్పి చూస్తే అందులోనూ అదే ఎర్రమట్టి. ఇంకా కారడం మొదలవలేదు. మిగిలిన హోస్ ముక్క దానికి సరిపోతుంది, వచ్చే ఆదివారం ఆ పనే.